ఆగిన గడియారం చెప్పిన పాఠం

మానవజీవితంలో నిరీక్షణకు ఉన్న పాత్ర చిన్నది కాదు. రైతు వాన కోసం, తల్లి బిడ్డ రాక కోసం, విద్యార్థి పరీక్షాఫలితం కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఎదురుచూడటం దోషం కాదు. మన పెద్దలు దానిని ఓర్పు అన్నారు; ఉర్దూ కవులు ఇంతెజార్ అని పేరు పెట్టి దాని మీద ఎన్నో గజళ్ళు అల్లారు. అయితే ఎదురుచూస్తున్నది ఎవరు, వారి ఎదురుచూపు వలన ఇంకెందరి పని నిలిచిపోతున్నది అనే ప్రశ్న మాత్రం వేసుకోక తప్పదు. తన పని కోసం తాను ఆగేవానికి ఎవరూ అడ్డు చెప్పరు. పదిమందికి సమాధానం చెప్పవలసిన చోట కూర్చున్నవాడు ఒక్కరి కోసం ఆగిపోతే మిగిలిన తొమ్మిదిమంది గతి ఏమిటి?

కంప్యూటర్ శాస్త్రాన్ని బోధించే నాకు ఈ ప్రశ్న పాఠ్యగ్రంథాలలో కంటె భద్రాచలం అడవుల అంచున ఎక్కువ స్పష్టంగా వినిపించింది. విషయం సాంకేతికమైనదే. ఈవెంట్ లూప్‌ను నడిపే థ్రెడ్ నుండి లైబ్రరీ ఫంక్షన్లను క్షేమంగా పిలవడం ఎట్లా అన్నదే ఆ విషయం. కాని దాని మంచిచెడ్డలను అనుభవించేవారు సాంకేతికులు కారు. అందుచేత కంప్యూటర్ చదవని పాఠకులకు సైతం అర్థమయ్యే రీతిలో దీనిని వివరించడానికి ప్రయత్నిస్తాను.

మనం చేతబట్టుకొని తిరిగే ఫోన్లలోను, కౌంటర్ల మీద కనిపించే యంత్రాలలోను, ఎక్కడో దూరాన ఉండి వేలమందికి ఏకకాలంలో సమాధానాలు పంపే సర్వర్లలోను నడిచే ప్రోగ్రాములలో చాలా భాగం ఒక క్రమాన్ని పాటిస్తాయి. తెరకు వేలు తగలడం, మీట నొక్కడం, దూరం నుండి వార్త చేరడం, గడియారం ఒక సెకను ముందుకు జరగడం, ఇవన్నీ సంఘటనలు. వీటినే ఈవెంట్లు అంటారు. ఇవి వచ్చిన వరుసలో క్యూ కట్టి నిలబడతాయి. ప్రోగ్రాములోని ఒకే ఒక కార్యధార, అనగా ఒక థ్రెడ్, ఆ క్యూలో నుండి ఒక్కొక్క దానిని తీసుకొని, అందుకు తగిన పని చేసి, మళ్ళీ క్యూ వైపు చూస్తుంది. విశ్రాంతి ఎరుగని ఈ చక్రభ్రమణమే ఈవెంట్ లూప్.

మన కళాశాల గ్రంథాలయపు కిటికీని ఊహించుకోండి. లోపల గ్రంథపాలకుడు ఒక్కడే. బయట విద్యార్థుల వరుస. ఒకరికి పుస్తకం ఇస్తాడు, ఒకరి నుండి తీసుకుంటాడు, ఒకరి కార్డు మీద ముద్ర వేస్తాడు. ఒక్కొక్కరికి అరనిమిషం పడుతుంది. అతడు ఒక్కడే అయినా, వరుస సాగిపోతూ ఉంటుంది కనుక, ప్రతివారికీ అతడు తమ కోసమే కూర్చున్నట్టు అనిపిస్తుంది. ఒక్కడు వందమందిని సంతృప్తిపరచగలగడం ఈ పద్ధతి లోని సొగసు. కాని దానికి ఒక షరతు ఉన్నది. ఏ ఒక్క పని మీదా అతడు ఎక్కువసేపు నిలిచిపోకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవారు లైబ్రరీ అనేది పుస్తకాల గదిని కాదు. ఇతరులు ముందుగానే రాసిపెట్టిన ఫంక్షన్ల సంపుటికి ఆ పేరు. తేదీ చెప్పే ఫంక్షన్ ఒకటి, ఫైలు చదివే ఫంక్షన్ ఒకటి, దూరపు యంత్రాన్ని పలకరించే ఫంక్షన్ మరొకటి. వాటి లోపల ఏమి జరుగుతున్నదో తెలియకపోయినా పేరు రాసి పిలిస్తే చాలు, పని జరిగిపోతుంది. ఈ సౌలభ్యమే లేకపోతే నేటి సాఫ్ట్‌వేర్ నిర్మాణం అసాధ్యం. కాని ఆ ఫంక్షన్ పేరు మీద అది ఎంతసేపు ఆగుతుందో రాసి ఉండదు. క్షణంలో వెయ్యోవంతులో తిరిగివచ్చేదీ, రెండు నిమిషాలు కదలకుండా కూర్చునేదీ చూడటానికి ఒకే తీరుగా ఉంటాయి. అపాయం ఉన్నది అక్కడే.

ఇక మన ప్రాంతానికి వద్దాము. ఖమ్మం నుండి భద్రాచలం వెళ్ళే ప్రయాణికుడు కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరిని చేరుకుంటాడు. 1965లో వంతెన ప్రారంభమైన తరువాత ఆ దాటడం సులభమైంది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. అక్కడి నుండి గోదావరి ఒడ్డు వెంట దుమ్ముగూడెం, చర్ల వైపు సాగితే ఛత్తీస్‌గఢ్ అడవులు దగ్గరవుతాయి. రోడ్డు మీద ముందుకు పోతున్నకొద్దీ ఫోన్ తెర మీద సంకేతబలాన్ని చూపే గీతలు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. కోయ గూడేలు ఉన్న ఆ లోపలి తావులలో, ఒక చెట్టు కింద సంకేతం ఉండి నాలుగు అడుగుల అవతల లేకపోవడం అక్కడివారికి వింత కాదు.

ఆ మార్గంలోనే ఒక గ్రామంలో, వేలిముద్ర చూసి ఖాతాలోని డబ్బు చేతికిచ్చే ఒక కౌంటర్ ఎదుట నేను కొంతసేపు నిలబడవలసి వచ్చింది. ఆ యంత్రం ఎవరిది, దాని ప్రోగ్రాము రాసినవారు ఎవరు అన్నది ఇక్కడ అప్రస్తుతం. వరుసలో ఇరవైమంది వరకు ఉన్నారు. ముందున్నది ఒక వృద్ధురాలు. ఆమె వేలు పెట్టింది. యంత్రం బిగుసుకుపోయింది. కౌంటర్ లోని యువకుడు రద్దు మీటను నాలుగైదు సార్లు నొక్కాడు. ఫలితం లేదు. దాదాపు రెండు నిమిషాల తరువాత తెర ఒక్కసారిగా కదిలింది. అప్పటివరకు నొక్కిన నొక్కులన్నీ వరుసగా అమలై, తెరిచి ఉన్న పేజీలన్నీ మూసుకొనిపోయాయి. మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టారు. మళ్ళీ అదే కథ. చివరకు అతడు "అవ్వా, మిషను పనిచేస్తలేదు, రేపు రా" అన్నాడు. ఆమె కోపగించుకోలేదు. "రేపైనా ఇంతే దూరం గదా బిడ్డా" అని మాత్రం అని, కర్ర తీసుకొని బయలుదేరింది.

"సిగ్నల్ లేదు సార్, ఇక్కడ ఇంతే" అని ఆ యువకుడు నాకు నచ్చజెప్పబోయాడు. అక్కడున్న అందరి అభిప్రాయమూ అదే. కాని తెర పై అంచున సెకన్లతో సహా కాలాన్ని చూపే చిన్న గడియారం ఒకటి ఉన్నది. వేలు పెట్టిన క్షణంలోనే ఆ గడియారం కూడా ఆగిపోయింది. గడియారం నడవడానికి సిగ్నల్ అవసరం లేదు. అది యంత్రం లోపలి విషయం. సిగ్నల్ లేకపోతే డబ్బు లావాదేవీ ఆగాలి గాని గడియారం ఎందుకు ఆగాలి? రద్దు మీట ఎందుకు పనిచేయకూడదు? తెర మీద గడియారాన్ని కదిలించేవాడు, మీట నొక్కితే వినేవాడు, దూరపు సర్వర్ నుండి జవాబు కోసం ఎదురుచూసేవాడు, ముగ్గురూ ఒక్కడే అయినప్పుడు మాత్రమే ఈ మూడూ కలిసి ఆగిపోతాయి. అంటే మన గ్రంథపాలకుడు కిటికీ వదిలిపెట్టి, ఏదో ఒక పుస్తకం తేవడానికి తానే బస్సెక్కి హైదరాబాదు పోయాడన్నమాట. అడవిలో సిగ్నల్ బలహీనంగా ఉండటం ప్రకృతి, పరిస్థితులు కల్పించిన ఇబ్బంది. గడియారం ఆగిపోవడం మాత్రం మనిషి రాసిన ప్రోగ్రాములోని లోపం.

మరి ఆ ప్రోగ్రాము రాసినవారికి ఈ లోపం కనబడలేదా? కనబడి ఉండదు. ఒక చిన్న లెక్క చూద్దాము. నగరంలో సర్వర్ జవాబు 5 మిల్లీసెకన్లలో వచ్చిందనుకోండి. 200 మంది వరుసగా అడిగితే అందరి నిరీక్షణా కలిపి ఒక సెకను. ఏ పరీక్షలోనూ అది లోపంగా తోచదు. అదే జవాబుకు అడవి అంచున 3 సెకన్లు పడితే, ఆ 200 పిలుపులకు 600 సెకన్లు, అనగా 10 నిమిషాలు. ప్రోగ్రాములో ఒక్క అక్షరమూ మారలేదు. దూరం మాత్రమే మారింది. ఇక జవాబే రాకపోతే పరిస్థితి మరీ విషమం. లినక్స్‌లో సాధారణ అమరికల ప్రకారం, పలకని యంత్రంతో సంబంధం కోసం ప్రయత్నించే ఫంక్షన్ తన ప్రయత్నాన్ని విరమించుకోవడానికి రెండు నిమిషాలు పైబడుతుంది. సర్వర్ పేరును బట్టి దాని చిరునామా కనుక్కొనే ఫంక్షన్ సైతం ఒక్కొక్క ప్రయత్నానికి 5 సెకన్ల చొప్పున ఆగుతుంది. నగరంలో క్షేమమనిపించిన పిలుపు నిజంగా క్షేమమైనది కాదు; అక్కడ దానికి పరీక్ష ఎదురుకాలేదు, అంతే.

మరి కర్తవ్యమేమిటి? మొదటి సూత్రం సులభమైనది. లూప్‌ను నడిపే థ్రెడ్ నిరీక్షించకూడదు. నిరీక్షణను మరొకరికి అప్పగించాలి. ఎదురుచూడకుండానే తిరిగివచ్చి, జవాబు అందినప్పుడు కబురు చేసే రకం ఫంక్షన్ ఆ లైబ్రరీలో ఉంటే దానినే వాడాలి. లేకపోతే పనిని వేరొక థ్రెడ్‌కు ఇవ్వాలి. గ్రంథపాలకుడు ఒక స్లిప్పు రాసి సహాయకునికి ఇచ్చి పంపి, తాను కిటికీ దగ్గరనే ఉండి తరువాతి విద్యార్థిని పిలవడం వంటిది ఇది. పైథాన్ భాషలో 2014లో వచ్చిన అసింక్‌ఐఓ లైబ్రరీ ఇందుకోసమే రన్ ఇన్ ఎగ్జిక్యూటర్ అనే మార్గాన్ని చూపింది. 2020లో 3.9 కూర్పుతో టు థ్రెడ్ అనే మరింత సులభమైన రూపం దానికి తోడైంది. ఆండ్రాయిడ్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2011 నాటి 3.0 కూర్పును గాని తరువాతి వాటిని గాని లక్ష్యంగా చేసుకొన్న ప్రోగ్రాము తన ప్రధాన థ్రెడ్ మీద నెట్‌వర్క్ పిలుపు చేస్తే, దానిని అక్కడికక్కడే దోషంగా ప్రకటిస్తుంది. కాని అన్ని వ్యవస్థలూ ఇట్లా కాపలా కాయవు. ఎక్కువ చోట్ల రాసేవాని వివేకమే కాపలా.

ఎదురుచూడకపోయినా ఎక్కువసేపు లెక్కలు చేసే ఫంక్షన్లు ఉన్నాయి. సంకేతపదాన్ని గుప్తరూపంలోకి మార్చేవి, పెద్ద పట్టికను క్రమంలో పేర్చేవి ఇట్టివి. వీటిని కూడా లూప్ థ్రెడ్ మీద పిలవడం తగదు. గ్రంథపాలకుడు కిటికీ దగ్గరనే కూర్చుని, తలెత్తకుండా సంవత్సరం జమాఖర్చులు రాస్తుంటే వరుసలోని వారికి ఒరిగేదేముంది? సాధారణ పైథాన్‌లో ఒక కాలంలో ఒక థ్రెడ్ మాత్రమే పైథాన్ ఆజ్ఞలను అమలు చేయగలదు కనుక, శుద్ధంగా పైథాన్‌లో రాసిన దీర్ఘమైన లెక్కలను వేరొక థ్రెడ్‌కు కాక వేరొక ప్రాసెస్‌కు అప్పగించడం మేలు.

రెండవ సూత్రం మొదటిదాని కంటె సూక్ష్మమైనది. బయటకు వెళ్ళిన సహాయకుడు పుస్తకంతో తిరిగివచ్చాడు. వచ్చినవాడు తానే రిజిస్టరు లాక్కొని అందులో రాయవచ్చునా? అదే క్షణంలో గ్రంథపాలకుడు కూడా అదే పుటలో వేరొక పద్దు రాస్తున్నాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఒక పుట మీద రెండు కలాలు నడిస్తే ఆ పద్దులు ఎవరికీ అర్థం కావు. సహాయకుడు చేయవలసిందల్లా తెచ్చిన పుస్తకాన్ని బల్ల మీది ట్రేలో పెట్టడమే. గ్రంథపాలకుడు తన వరుసలో దానిని తీసుకొని, తన చేతితో రిజిస్టరులో రాసుకుంటాడు. లూప్ యాజమాన్యంలోని వస్తువును లూప్ థ్రెడ్ మాత్రమే తాకాలి. ఇతరులు క్యూ ద్వారా విన్నవించుకోవాలి.

ట్రేలో పెట్టడంతో పని పూర్తి కాదు. కిటికీ ముందు ఎవరూ లేనప్పుడు గ్రంథపాలకుడు కునుకు తీస్తుంటాడు. లూప్ కూడా అంతే. సంఘటనలు లేనప్పుడు అది నిద్రపోతుంది. నిద్రలో ఉన్నవాని ట్రేలో పుస్తకం పెట్టి వెళ్ళిపోతే అతడు దానిని ఎప్పుడు చూస్తాడో తెలియదు. కాబట్టి పెట్టినవాడు గంట మోగించాలి. పైథాన్‌లో కాల్ సూన్ అనే ఫంక్షన్ ట్రేలో పెడుతుంది గాని గంట మోగించదు. అది లూప్ థ్రెడ్ తన కోసం తాను వాడుకొనేది. ఇతర థ్రెడ్లు వాడవలసినది కాల్ సూన్ థ్రెడ్‌సేఫ్. అది పెడుతుంది, గంట కూడా మోగిస్తుంది. 2009లో రయన్ డాల్ రూపొందించిన నోడ్ జేఎస్‌కు ఆధారమైన లిబ్‌యూవీ లైబ్రరీలోనూ ఇదే నియమం. ఆ లూప్‌ను మేల్కొలపడానికి ఇతర థ్రెడ్లకు యూవీ అసింక్ సెండ్ అనే ఒక్క ద్వారం మాత్రమే తెరిచి ఉంచారు.

ఈ సందర్భంలో మన పత్రికనే ఉదాహరణగా తీసుకోవచ్చును. తెలుగు రచనలు ఎడమ నుండి మొదలవుతాయి, ఉర్దూ రచనలు కుడి నుండి మొదలవుతాయి. రెండు భాషల సంపాదకులు రెండు కొసల నుండి ఏకకాలంలో పని చేయగలుగుతారు. ఎవరి పుటలు వారివి కనుక ఒకరినొకరు అడగవలసిన అవసరమే రాదు. రెండు లిపులు కలుసుకొనే నడిమి పుట దగ్గర మాత్రం కూర్చొని మాట్లాడుకోవాలి. థ్రెడ్ల విషయంలోనూ ఇదే రాజమార్గం. పంచుకొనేది ఎంత తక్కువగా ఉంటే తగవు అంత తక్కువ.

కాని కొన్ని పాత లైబ్రరీ ఫంక్షన్లు మనకు తెలియకుండానే పంచుకుంటాయి. సీ భాషలో లోకల్‌టైమ్ అనే ఫంక్షన్ తేదీని లెక్కకట్టి తన వద్ద ఉన్న ఒకే పలక మీద రాసి ఇస్తుంది. మొదటివాడు ఆ పలక చదివేలోపు రెండవవాడు అదే ఫంక్షన్‌ను పిలిస్తే, పాత తేదీ చెరిగి కొత్త తేదీ పడుతుంది. మొదటివాడు తనది కాని తేదీని తనదిగా చదువుకొంటాడు. వాక్యాన్ని ముక్కలుగా విడగొట్టే స్ట్రింగ్‌టోక్ ఫంక్షన్ కూడా తాను ఎక్కడి వరకు చదివిందో లోలోపలనే గుర్తుంచుకొంటుంది. ఇద్దరు పిలిస్తే ఒకరి జ్ఞాపకం మరొకరిదవుతుంది. అందువల్లనే వీటికి పేరు చివర ఆర్ అనే అక్షరంతో వేరే రూపాలు ఏర్పడ్డాయి. వాటిని పిలిచేవాడు తన పలకను తానే తెచ్చుకోవాలి. ఇట్టి లోపం మొండిది. పది వేలసార్లు సరిగ్గా జరిగి, పదివేల ఒకటవసారి ఒకరి పద్దులో మరొకరి తేదీ పడుతుంది. బాధితుడు ఫిర్యాదు చేస్తే ఎవరూ నమ్మరు, ఎందుకంటే మళ్ళీ చూపమంటే చూపలేడు.

పంచుకోక తప్పని వస్తువుకు తాళం వేయడం మరొక ఉపాయం. ఒంటి పట్టాల రైలుమార్గాల మీద ఒకే సమయంలో రెండు రైళ్ళు ఎదురెదురు రాకుండా మన దేశంలో టోకెన్ పద్ధతి నడిచింది. యంత్రం నుండి ఒక ఇనుప బంతి డ్రైవరు చేతికి వస్తేనే రైలు ఆ మార్గంలోకి పోవాలి. ఆ బంతి వెనక్కి చేరేవరకు రెండవ బంతి రాదు. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1960 దశకంలో ప్రోగ్రాముల మధ్య ఇటువంటి కట్టుబాటును రూపొందించినప్పుడు, దానికి సెమాఫోర్ అని రైలు సిగ్నల్ చేతి పేరే పెట్టాడు. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి నలభై కిలోమీటర్లు బస్సులో పోయే మన యాత్రికునికి తెలియకపోవచ్చును గాని, అతని రైలును కాపాడిన ఊహయే అతని ఫోన్‌లోని లెక్కలను కూడా కాపాడుతున్నది.

అయితే తాళం కోసం ఆగడం కూడా ఆగడమేనని మరువరాదు. సహాయకుడు తాళంచెవి జేబులో వేసుకొని బస్సెక్కితే, దాని కోసం నిలబడ్డ గ్రంథపాలకుడు కిటికీ వదిలినవానితో సమానుడే. ఇంతకంటె ఘోరమైన స్థితి మరొకటి ఉన్నది. లఖ్నవూ నవాబులిద్దరు రైలు పెట్టె ముందు నిలబడి "పహలే ఆప్" అంటే "పహలే ఆప్" అని మర్యాదలు చేసుకొంటుండగా రైలు వెళ్ళిపోయిన కథ మన ఉర్దూ మిత్రులందరికీ తెలుసు. లూప్ థ్రెడ్ తాను పంపిన సహాయకుని ఫలితం కోసం కదలకుండా నిలబడుతుంది. సహాయకుడు ఆ ఫలితం అప్పగించడానికి లూప్ తనవైపు చూడాలని నిలబడతాడు. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ కదలరు. దీనినే డెడ్‌లాక్ అంటారు. నవాబులకు రైలు ఒక్కటే పోయింది. ఇక్కడ వరుసలోని వారందరి రోజూ పోతుంది.

ఇంతవరకు అర్థం చేసుకొన్నవారు కూడా ఒకచోట పొరబడుతుంటారు. నిరీక్షణను సహాయకునికి అప్పగించాము కదా, ఇక చింత లేదనుకుంటారు. సహాయకుల సంఖ్యకు హద్దు ఉన్నది. లిబ్‌యూవీలో ఆ సంఖ్య సాధారణంగా 4. నలుగురూ అడవి దారిలో చిక్కుకొంటే ఐదవ స్లిప్పు బల్ల మీదనే ఉండిపోతుంది. అది పక్క గదిలోని ఫైలు తెచ్చే చిన్న పనే అయినా సరే. కాబట్టి ప్రతి నిరీక్షణకు ఒక గడువు పెట్టాలి. గడువు పెట్టిన తరువాత కూడా ఒక సంగతి గమనించాలి. గడువు తీరితే మనం ఎదురుచూడటం మానుకొంటాము గాని, దారిలో ఉన్న సహాయకుడు మాయమైపోడు. పైథాన్‌లో గడువు దాటిన తరువాత కూడా ఆ థ్రెడ్ తన పనిని చేస్తూనే ఉంటుంది. అతడు ఆలస్యంగా పుస్తకంతో వస్తాడు. అప్పటికి మనం మరొకనిని అదే పుస్తకం కోసం పంపి ఉంటే, ఒక పుస్తకం రెండుసార్లు వస్తుంది.

పుస్తకం రెండుసార్లు వస్తే నవ్వుకోవచ్చును. డబ్బు రెండుసార్లు ఖాతా నుండి పోతే? ఉపాధి కూలి కోసమో, పింఛను కోసమో పది మైళ్ళు నడిచి వచ్చినవారి విషయంలో అది నవ్వులాట కాదు. అందుచేత ప్రతి అభ్యర్థనకు మొదటనే ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, తిరిగి ప్రయత్నించినప్పుడు అదే సంఖ్యను పంపాలి. ఆ సంఖ్యతో పని ఒకసారి జరిగి ఉంటే, సర్వర్ రెండవసారి చేయకుండా పాత జవాబునే తిరిగి ఇవ్వాలి. ఇట్లా చేస్తే సిగ్నల్ లేని చోట కూడా యంత్రం మర్యాదగా ప్రవర్తించగలదు. "అవ్వా, జవాబు ఇంకా రాలేదు, మీ చీటీ నంబరు ఇది, మీరు పక్కన కూర్చోండి, తరువాతి వారిని చూస్తాను" అని అనగలదు. సిగ్నల్‌ను మనం సృష్టించలేము. కాని ఒకరి నిరీక్షణ ఇరవైమంది నిరీక్షణ కాకుండా చూడటం ప్రోగ్రాము రాసేవాని చేతిలోని పని.

ఇట్టి లోపాలను నగరంలోని గదిలో కూర్చుని కనిపెట్టడం కష్టమన్నాను. కాని అసాధ్యం కాదు. లినక్స్‌లో టీసీ అనే ఆజ్ఞకు అనుబంధంగా నెటెమ్ అనే సాధనం ఉన్నది. దానితో ఏ కంప్యూటర్‌కైనా కృత్రిమంగా 3 సెకన్ల ఆలస్యాన్ని కల్పించవచ్చును. పంపిన వార్తలలో నూటికి పదింటిని దారిలో పోగొట్టవచ్చును. ఖర్చు ఏమీ లేదు. పైథాన్‌లో అసింక్‌ఐఓను పరిశీలన రీతిలో నడిపితే, లూప్‌ను సెకనులో పదవ వంతుకు మించి పట్టుకొని కూర్చున్న ప్రతి పని పేరునూ అది రాసి చూపుతుంది. వీటన్నిటికంటె చవకైన పరీక్ష ఒకటి ఉన్నది. తెర మీద సెకన్ల గడియారం ఒకటి పెట్టండి. మీ ప్రోగ్రాము ఏ పని చేస్తున్నా ఆ గడియారం తడబడకూడదు.

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. మన ప్రయోగశాలలోని కంప్యూటర్లలో ఒక్కదానిని మన్యపు యంత్రంగా ప్రత్యేకించండి. దాని నెట్‌వర్క్‌కు ఎల్లప్పుడూ 3 సెకన్ల ఆలస్యం ఉండాలి. నడుమ నడుమ పూర్తిగా తెగిపోవాలి. చివరి సంవత్సరపు విద్యార్థుల ప్రాజెక్టు ఏదైనా సరే, ఆ యంత్రం మీద గడియారం ఆగకుండా నడిస్తేనే ఉత్తీర్ణమైనట్టు భావించాలి. ఇందుకు కొత్త గ్రాంటు అవసరం లేదు, కొత్త భవనం అవసరం లేదు. ఒక తీర్మానం చాలు.

ప్రియ విద్యార్థులారా, మీలో చాలామంది రేపు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరదేశాలలోనో ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలలో చేరతారు. అక్కడ మీ పక్కన కూర్చున్నవారికి మూడు సెకన్ల ఆలస్యం అంటే పుస్తకంలోని సంఖ్య. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం వైపు నుండి వచ్చిన మీకు అది ఇంటి విషయం. మీ అమ్మమ్మ వరుసలో నిలబడిన సమయం అది. ఒక లైబ్రరీ ఫంక్షన్‌ను పిలిచే ముందు అది ఎంతసేపు ఆగగలదు, ఎవరి పలకను వాడుకొంటున్నది, ఏ థ్రెడ్ మీద తిరిగివస్తుంది అన్న మూడు ప్రశ్నలు వేసుకోండి. సమాధానం తెలియకపోతే దాని వివరణపత్రం చదవండి. అక్కడా లేకపోతే నెటెమ్‌తో పరీక్షించి తెలుసుకోండి. అడవి అంచున పుట్టినవారికి ఈ జాగ్రత్త ఇతరుల కంటె ముందుగా అబ్బాలి. అది మన ప్రాంతం మనకిచ్చిన విద్య. దానిని నగరానికి తీసుకొనిపోవడం మన బాధ్యత.